సైడ్ ఇచ్చే చెయ్యి

పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవానికి బిలాస్‌పూర్ పక్కనున్న సిర్గిట్టి నుంచి విజయనగరం కారులోనే వెళ్తాం. ధమ్తరి దాటాక రోడ్డు రెండు లేన్లకు చిక్కిపోతుంది. కాంకేర్, కేశ్‌కాల్ ఘాట్, జగదల్‌పూర్, కోరాపుట్... సుంకి ఘాట్ దిగితే సాలూరు. పాత 43వ నంబరు జాతీయ రహదారి ఇది. ఇప్పుడు నంబర్లు మారాయి.

పోయిన ఏడు కొండాగావ్ దాటాక ఒక కారు చాలాసేపు మా ముందు నెమ్మదిగా నడిచింది. ఎదురు ఖాళీ చూసి, హారన్ కొట్టి, డిప్పర్ వేసి కుడికి వచ్చాను. సరిగ్గా పక్కకి చేరగానే అతను స్పీడు పెంచాడు. నేనూ పెంచాను. ఆ పని చెయ్యకుండా ఉండాల్సింది. మలుపులోంచి బస్సు వచ్చింది. బ్రేకు తొక్కి వెనక్కి దూరేసరికి అమ్మ ఒళ్లోని డబ్బా పడి పులిహోరంతా కాళ్ల దగ్గర చిమ్మింది. కారులో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

గంటకి ఎనభై కిలోమీటర్ల వేగంలో వచ్చే రెండు బళ్లు ఎదురెదురైతే సెకనుకి 44 మీటర్లు దగ్గరవుతాయి. అందుకే ఆ వేగంలో దాటాలంటే ముందు 470 మీటర్ల రోడ్డు కనబడాలని మన ఇంజినీర్లు లెక్క కట్టారు. దాటించుకునే బండి తన వేగం మార్చదని నమ్మి వేసిన లెక్క అది. దాటుతున్న బండి పక్కన ఉండగా వేగం పెంచకూడదని 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనే ఉంది. లైసెన్సు పరీక్షలో ఈ ఒక్క ప్రశ్నా అందరినీ అడగాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

నాన్న బిలాస్‌పూర్‌లో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యారు. ఆయన బొగ్గు బండిని స్టేషన్ మాస్టరు లూప్‌లైన్లో పెట్టి మెయిన్‌లో ఎక్స్‌ప్రెస్‌ని వదిలేవారు. ఒక్కోసారి గంటల తరబడి అక్కడే. అయినా ఎక్స్‌ప్రెస్ వస్తోందంటే కిందికి దిగి, పోతున్న పెట్టెల చక్రాలన్నీ చూసి, అంతా బాగుంటే పచ్చజెండా చూపించాలి. “మనల్ని దాటిపోయే బండి బాధ్యత కూడా మనదేరా” అనేవారు. రోడ్డు మీద స్టేషన్ మాస్టరూ లేడు, సిగ్నలూ లేదు. ఆ పని ముందు బండివాడే చెయ్యాలి.

చేసేవాళ్లున్నారు. అదే ప్రయాణంలో సుంకి ఘాట్ దిగాక నిండు లోడు లారీ తగిలింది. డ్రైవరు కిటికీలోంచి చెయ్యి బయటికి వచ్చింది. మోచేతి దాకా మడిచిన చొక్కా, మణికట్టుకి ఎర్రదారం. అరచెయ్యి కిందికి తిప్పి రెండుసార్లు అదిమాడు: ఆగు. ఎదురుగా ట్రాక్టరు వచ్చి వెళ్లింది. అప్పుడు ఎడమ టైర్లు మట్టిలోకి దించి, చెయ్యి బారుగా చాచి వెనక నుంచి ముందుకి ఊపాడు. ముందు బండివాడు కుడి ఇండికేటరు వేస్తే ‘రా’ అంటున్నాడో, తనే కుడికి తిరుగుతున్నాడో తెలియక ఎన్నిసార్లో తడబడ్డాను. చేతి సైగకి ఆ తికమక లేదు. అయినా ఎదురు రోడ్డు నా కళ్లతో చూసుకున్నాకే కదిలాను.

దాటుతుంటే వెనక సీట్లో నాన్న అద్దం దించారు. లారీ చక్రాలని ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి, క్యాబిన్ దగ్గరికి రాగానే చెయ్యెత్తి, పచ్చజెండా పట్టుకున్నట్టే, నిదానంగా ఊపారు.