అడుగున ఉన్న అక్షరం: తయారీ ముద్రల ఆధారంగా కాలనిర్ణయం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: పాత వెండిపూత పాత్రలు, గాజుసామాను, పింగాణీ వస్తువుల కాలాన్ని వాటి మీది తయారీ ముద్రల ద్వారా నిర్ణయించే పద్ధతిని ఈ వ్యాసం విమర్శనాత్మకంగా పరిశీలిస్తుంది. ముద్ర సూచించే సంవత్సరం పలుమార్లు నమూనాకో, సంస్థకో, ఒక చట్టానికో చెందుతుందనీ, దాన్ని వస్తువు పుట్టిన సంవత్సరంగా గ్రహించడం దోషమనీ ఉదాహరణలతో చూపుతుంది. సాహిత్యచరిత్రలో కవికాలనిర్ణయానికి వాడే పూర్వావధి, ఉత్తరావధి అనే భావనలు ఇక్కడ కూడా ఉపకరిస్తాయని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: తయారీ ముద్ర, హాల్‌మార్క్, పింగాణీ, వెండిపూత, పూర్వావధి, ఉత్తరావధి, కాలనిర్ణయం.

1. ప్రవేశిక

కుటుంబచరిత్రల మీదా, స్థానికచరిత్రల మీదా పనిచేసే విద్యార్థులు తాళపత్రాలు, దస్తావేజులతోపాటు ఇంటి వస్తువులను కూడా ఆధారాలుగా స్వీకరించడం ఆహ్వానించదగిన పరిణామం. అయితే వస్తువును ఆధారంగా స్వీకరించినప్పుడు దాని కాలాన్ని నిర్ధారించే బాధ్యత కూడా మీద పడుతుంది. కొన్నేళ్ల క్రితం ఒక స్నాతకోత్తర విద్యార్థి సమర్పించిన ప్రాజెక్టు నివేదికలో ఒక పాత మండువా ఇంట్లోని ఇంగ్లీషు పింగాణీ పళ్లెం ప్రస్తావన ఉంది. పళ్లెం అడుగున వజ్రాకారపు ముద్ర, దాని కుడి మూలలో ‘ఎక్స్’ అనే అక్షరం ఉన్నాయి. పట్టికలో ఆ అక్షరానికి ఎదురుగా మొదట కనిపించిన సంవత్సరం 1842. దాని ఆధారంగా, 1857కు ముందే ఆ కుటుంబానికి ఆంగ్లేయ వర్తకులతో సంబంధం ఉండేదని నివేదిక తీర్మానించింది. పర్యవేక్షణ బాధ్యతలో ఉన్న నేను ఆ తీర్మానాన్ని ప్రశ్నించకుండానే ఆమోదించాను. తరవాత మరొక సందర్భంలో అదే ముద్రాపద్ధతిని చదువుతున్నప్పుడు తప్పు తెలిసింది. అక్షరం కుడి మూలలో ఉంటే సంవత్సరం 1868. ఇరవై ఆరేళ్ల తేడాతో నివేదికలోని ప్రధానవాదం ఆధారం లేకుండా పోయింది. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ పొరపాటే.

2. నమూనా తేదీ, వస్తువు తేదీ

బ్రిటన్‌లో నమూనాల నమోదుకు గుర్తుగా 1842 నుంచి 1883 వరకు వజ్రాకారపు ముద్ర వాడుకలో ఉంది. దాని పైభాగాన ఉన్న వృత్తంలోని రోమన్ అంకె వస్తువు ఏ తరగతికి చెందినదో చెబుతుంది: ఒకటి లోహం, రెండు కొయ్య, మూడు గాజు, నాలుగు మట్టి, పింగాణీ వస్తువులు. నాలుగు మూలల్లో సంవత్సరం, నెల, తేదీ, నమోదు కట్ట సంఖ్య ఉంటాయి. 1842–1867 మధ్య సంవత్సరాక్షరం పై మూలలో, తేదీ అంకె కుడి మూలలో ఉండేవి. 1868 నుంచి సంవత్సరాక్షరం కుడి మూలకు, తేదీ అంకె పై మూలకు మారాయి. అందువల్ల పట్టిక చూడక ముందే, కుడి మూలలో ఉన్నది అక్షరమా, అంకెనా అని చూస్తే ముద్ర ఏ దశకు చెందినదో తేలుతుంది. అక్షరాలు వరుసక్రమంలో లేకపోవడం వల్ల ఊహతో చదవడానికి కూడా వీలు లేదు. 1884 నుంచి వజ్రాకృతి పోయి, ఒకటి నుంచి మొదలైన వరుస సంఖ్యలు వచ్చాయి.

స్థానాన్ని సరిగా చదివినా తేలేది నమూనా నమోదైన తేదీ మాత్రమే. ఆ నమూనాకు గిరాకీ ఉన్నంతకాలం అదే ముద్రతో వస్తువులు తయారవుతూనే ఉండవచ్చు. ఇది మనకు కొత్త సమస్య కాదు. తాళపత్రప్రతిలో గ్రంథరచనాకాలం, ప్రతిలేఖనకాలం వేరువేరని పాఠపరిష్కర్తలు మొదటినుంచీ హెచ్చరిస్తూనే ఉన్నారు. లేఖకుడు మాతృకలోని గద్యను యథాతథంగా ఎత్తిరాస్తే ఆ గద్య ప్రతికి కాలాన్ని ఇవ్వదు. నమోదు ముద్ర కూడా అటువంటి ఎత్తిరాతే. దాని వల్ల ‘ఇంతకు ముందు తయారై ఉండదు’ అనే పూర్వావధి మాత్రమే లభిస్తుంది. ‘ఇంతకు తరవాత తయారై ఉండదు’ అనే ఉత్తరావధికి వేరే ఆధారం వెతకాలి.

3. తిరిగివచ్చే అక్షరాలు

నాణ్యమైన వెండి వస్తువుల మీద ఇంగ్లండులో వేసే హాల్‌మార్క్‌లో సంవత్సరాక్షరం చాలాకాలం తప్పనిసరి భాగంగా ఉండేది. లండన్‌లో ఇది 1478 నుంచి ఉంది. అక్కడ చాలాకాలం ఇరవై అక్షరాలతో ఒక ఆవృత్తి పూర్తయి, మళ్లీ మొదటి అక్షరం వచ్చేది. ఆవృత్తి మారినప్పుడు అక్షరపు లిపిశైలి, దాని చుట్టూ ఉన్న డాలు ఆకారం మారతాయి. అక్షరాన్ని మాత్రమే చూసి శైలిని విడిచిపెట్టినవారు ఇరవై ఏళ్లో, నలభై ఏళ్లో అటూ ఇటూ అవుతారు.

తెలుగు పరిశోధకులకు ఈ చిక్కు సుపరిచితం. ప్రభవనామ సంవత్సరమని మాత్రమే రాసి శకవర్షం ఇవ్వని గద్య 1867కో, 1927కో, 1987కో చెందవచ్చు. అప్పుడు లిపిని, కాగితాన్ని, ప్రస్తావితమైన వ్యక్తులను చూసి ఆవృత్తిని నిర్ణయిస్తాం. మరొక పోలిక కూడా ఉంది. లండన్ అక్షరం చాలాకాలం మే నెలలో మారేది కాబట్టి, ఉగాది నుంచి లెక్కించే మన సంవత్సరంలాగే, అది రెండు క్రీస్తుసంవత్సరాలను తాకుతుంది. హాల్‌మార్క్‌కు తోడుగా ఉండే సుంకపు ముద్ర, అంటే రాజు లేదా రాణి తలబొమ్మ, 1784 నుంచి 1890 వరకే వాడుకలో ఉంది. ఆ తలబొమ్మ ఉన్న వస్తువుకు పూర్వావధి, ఉత్తరావధి రెండూ ఒకేసారి లభిస్తాయి. ఒక ముద్రలోని సందిగ్ధతను పక్కనున్న మరొక ముద్ర తీర్చడానికి ఇది మంచి నిదర్శనం.

4. చట్టం మాట్లాడే ముద్రలు

‘ఇంగ్లండ్’ అనే మాట ఉంటే వస్తువు 1891 తరవాతిదని చెప్పడం పరిపాటి. అమెరికాలో 1890లో వచ్చిన మెకిన్లీ సుంకచట్టం ప్రకారం, దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు ఇంగ్లీషులో ఉండాలన్న నిబంధన 1891లో అమలైంది. జపాను వస్తువుల మీద ఈ కారణంగానే ‘నిప్పన్’ అని ఉండేది. 1921లో అమెరికా సుంకశాఖ ‘జపాన్’ అనే మాటనే వాడాలన్నది. చెక్ గాజుసామాను మీద ‘చెకొస్లొవేకియా’ అని ఉంటే, ఆ దేశమే 1918లో ఏర్పడింది కాబట్టి, అంతకు ముందుది కాదని నిస్సందేహంగా చెప్పవచ్చు.

కాని దేశం పేరు లేనంత మాత్రాన వస్తువు 1891కి ముందుదని తేల్చడం సాహసం. మెకిన్లీ చట్టం వర్తించేది అమెరికా రేవులకు చేరే సరుకుకు. మద్రాసుకో, కాకినాడకో బయలుదేరిన పళ్లేనికి ఆ చట్టంతో నిమిత్తం లేదు. మన ప్రాంతపు ఇళ్లలోని వస్తువులను పరిశీలించేవారు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ముద్రలో ఉన్న మాట సాక్ష్యమవుతుంది. లేని మాటను సాక్ష్యంగా స్వీకరించాలంటే, అది తప్పక ఉండవలసిన సందర్భమని ముందు నిరూపించాలి.

5. పోలిక, గౌరవం, మోసం

వెండిపూత పాత్రల మీద ‘ఇ.పి.ఎన్.ఎస్.’ అనే నాలుగు అక్షరాలు వేరువేరు చిన్న డాళ్లలో, అలంకృతలిపిలో కనిపిస్తాయి. తొందరలో చూసినవారికి అవి హాల్‌మార్క్‌లా తోస్తాయి. ఆ అక్షరాల అర్థం నికెల్ సిల్వర్ మీద విద్యుత్తుతో వేసిన వెండిపూత. నికెల్ సిల్వర్ అంటే మన ఇళ్లలో జర్మన్ సిల్వర్ అని పిలిచే రాగి, నికెల్, జింకుల మిశ్రమం. పేరులో ఉన్న వెండి అందులో లేదు. బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎల్కింగ్టన్ సంస్థ విద్యుత్‌పూతకు పేటెంటు పొందినది 1840లో. కనుక ఈ అక్షరాలున్న పాత్రను 18వ శతాబ్దానికి చేర్చడం అసాధ్యం.

చైనా పింగాణీ మీది రాజముద్రల స్వభావం వేరు. కాంగ్షీ చక్రవర్తి కాలంలో, అంటే 1662–1722 మధ్య తయారైన పాత్రల మీద రెండు శతాబ్దాలకు పూర్వుడైన చంఘ్వా చక్రవర్తి పేరు తరచు కనిపిస్తుంది. ఇందులో కొన్నిటిని మోసమనవచ్చునేమో గాని, ఎక్కువ భాగం పూర్వుల పనితనానికి చేసిన నమస్కృతిగానే పండితులు గ్రహిస్తారు. ఫ్రాన్సులోని సేవ్ర్ కార్ఖానా ముద్ర పరిస్థితి మరింత చిక్కైనది. ఒకదానితో ఒకటి పెనవేసుకున్న రెండు ‘ఎల్’ అక్షరాల నడుమ 1753 నుంచి సంవత్సరాక్షరం వేసిన క్రమబద్ధమైన పద్ధతి అది. ఆ ప్రతిష్ఠ కారణంగానే అత్యధికంగా అనుకరణకు గురైన ముద్రల్లో అదొకటి అయింది. ముద్ర ఎంత నమ్మదగినదైతే దాన్ని దొంగిలించడానికి అంత ప్రలోభం ఉంటుంది.

పేర్ల సామ్యం కూడా పొరపాట్లకు దారితీస్తుంది. జోసయ్య వెడ్జ్‌వుడ్ 1759లో నెలకొల్పిన సంస్థ వేరు, టన్‌స్టాల్‌లోని ‘వెడ్జ్‌వుడ్ అండ్ కో’ వేరు. ముద్రలో సంస్థాపన సంవత్సరం అచ్చయి ఉంటే దాన్ని వస్తువు సంవత్సరంగా చదవడం మరీ సాధారణమైన దోషం.

6. గాజు: ముద్ర లేనిచోట

గాజువస్తువుల్లో చాలావాటికి ముద్రే ఉండదు. అక్కడ వస్తుశరీరమే పాఠం. ఊదిన గాజును కడ్డీ నుంచి విడగొట్టినచోట మిగిలే మచ్చ, అచ్చు రెండు భాగాలు కలిసినచోట ఏర్పడే గీత, అడుగున సహజంగా పడే గీతలు తయారీవిధానాన్నీ, వాడకాన్నీ చెబుతాయి. ముద్ర ఉన్నప్పుడు కూడా అది తరవాత చెక్కినదేమో చూడాలి. ఫ్రెంచి కళాకారుడు రెనే లాలిక్ 1945లో మరణించే వరకు ఆయన పేరులోని మొదటి అక్షరంతో కూడిన సంతకం వాడుకలో ఉంది. ఆ తరవాత ‘లాలిక్, ఫ్రాన్స్’ అనే రూపం స్థిరపడింది. ఒక్క అక్షరం విలువను ఇంతగా మార్చగలిగినప్పుడు, ఆ అక్షరాన్ని అదనంగా చెక్కేవారు ఉంటారని ఊహించడం కష్టం కాదు.

మన గోలీసోడా సీసా మరో పాఠం చెబుతుంది. ఆ ఆకృతికి హైరమ్ కాడ్ ఇంగ్లండులో 1872లో పేటెంటు పొందాడు. సీసా మీద ఉబ్బెత్తుగా ఉండే పేరు ఎక్కువగా సోడా అమ్మినవారిది, సీసా చేసినవారిది కాదు. ముద్రలో ఎవరు మాట్లాడుతున్నారో తేల్చుకోకుండా ‘తయారీదారు’ అని నమోదు చేయడం, ప్రకాశకుని పేరును కవి పేరుగా రాయడం వంటిదే.

7. ముద్రాకోశాల ఉపయోగం, పరిమితి

విలియం ఛాఫర్స్ 1863లో, జెఫ్రీ గాడెన్ 1964లో వెలువరించిన ముద్రాకోశాలు ఈ రంగానికి పునాదులు. వాటి విలువను తక్కువ చేయలేం. అయితే కోశం నిర్మాణంలోనే ఒక ప్రమాదం ఉంది. అది ముద్రను వస్తువు నుంచి విడదీసి, సంస్థ ఆయుర్దాయం పక్కన నిలబెడుతుంది. ఒక సంస్థ ఎనభై ఏళ్లు నడిస్తే, చదువరి ఆ ఎనభైలో తనకు అనుకూలమైన మొదటి ఏడును ఎంచుకుంటాడు. ప్రాచీనత పట్ల మనకున్న మోజు కవికాలాలను వెనక్కు జరిపినట్లే, పళ్లేల కాలాన్ని కూడా వెనక్కు జరుపుతుంది. ఈ దోషం కోశానిది కాదు, చదివే పద్ధతిది. ప్రదర్శనశాలల్లో సైతం పాత్ర ముఖమే మనకు కనిపిస్తుంది, అడుగు కనిపించదు. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో ఐరోపా, చైనా పింగాణీని చూసే విద్యార్థికి ఆకృతి, రంగు, పూత అనే మూడు ఆధారాలను ముందుగా పరిశీలించే అవకాశం ఈ కారణంగానే దొరుకుతుంది. ముద్రను చివరగా చదవడం మంచి అభ్యాసం.

8. ముగింపు

పై పరిశీలన వల్ల, నాణ్యపరీక్ష చట్టం విధించిన ముద్రలకు అత్యధిక ప్రామాణ్యం, కార్ఖానా తన లెక్కకోసం వేసుకున్న సంకేతాలకు ఆ తరవాతి స్థానం, నమూనా నమోదుకూ దేశనామానికీ పూర్వావధి విలువ, సంస్థ పేరుకూ సంస్థాపన సంవత్సరానికీ అంతకంటె తక్కువ విలువ ఇవ్వడం సమంజసమని తేలుతుంది. ఏ ముద్రనైనా మూడు ప్రశ్నలు అడగాలి. ఇది దేనికి తేదీ వేస్తున్నది? ఎవరు వేశారు? వస్తుశరీరం దీనితో ఏకీభవిస్తున్నదా? మూడింటికీ సమాధానం దొరకనప్పుడు ‘1868 తరవాతిది’ అని రాయడంలో చిన్నతనం లేదు. ప్రవేశికలో పేర్కొన్న నివేదికను విద్యార్థి చేత సవరింపజేశాను. పళ్లెం ఇప్పుడూ ఆ కుటుంబానికి ఇంగ్లీషు సరుకుతో ఉన్న సంబంధాన్ని చెబుతూనే ఉంది. 1857కు ముందటి సంబంధాన్ని మాత్రం అది చెప్పడం లేదు.