ఆగ్రహం తరువాతి పాట

ధిక్కారం నిత్యకృత్యంగా మారిన నాడు అది కూడా ఒక సంప్రదాయమే అవుతుంది. 1970వ దశకం మధ్యలో న్యూయార్క్, లండన్ నగరాలలో ఉప్పెనలా లేచిన పంక్ రాక్ సంగీతానికి ఈ అనుభవం త్వరలోనే ఎదురయింది. సంగీతం పండితుల సొత్తు కాదనీ, గిటారు పట్టిన ప్రతివారూ పాడవచ్చుననీ చాటడం ఆ ఉద్యమం సాధించిన విజయం. కాని ఒకే వేగం, ఒకే కేక, ఒకే నిరాకరణ పదేళ్లపాటు వినిపించేసరికి శ్రోతకు అలసట కలగడం సహజం. అలా అలసిన శ్రోత ఎక్కడికి వెళ్లాడన్నదే ఇక్కడ ప్రశ్న.

అమెరికాలో కొందరు అమ్మమ్మల కాలంనాటి పాటల వద్దకు వెళ్లారు. ఇలినాయ్ రాష్ట్రంలోని బెల్‌విల్ అనే చిన్న పట్టణంలో పంక్ వింటూ పెరిగిన జే ఫరార్, జెఫ్ ట్వీడీ, మైక్ హైడోర్న్ అనే యువకులు అంకుల్ టుపెలో అనే బృందంగా ఏర్పడి, 1990లో ‘నో డిప్రెషన్’ అనే ఆల్బమ్ వెలువరించారు. ఆ పేరు కార్టర్ ఫ్యామిలీ 1936లో రికార్డు చేసిన ఒక భక్తిగీతం నుండి వచ్చింది. ఆల్ట్ కంట్రీ అని తరువాత పేరుపొందిన ధోరణికి ఈ ఆల్బమ్‌ను ఒక మైలురాయిగా విమర్శకులు పరిగణిస్తారు. 1995లో సియాటిల్‌లో మొదలైన ఒక సంగీత పత్రిక కూడా ఆ పేరునే పెట్టుకున్నది.

ఆర్థికమాంద్యం నాటి ఆ పాటలో పేదవాడికి మిగిలిన ఆశ పరలోకమే. 1990 నాటి యువకుడు దానిని పాడినప్పుడు వెక్కిరింపు ధ్వనించకపోవడం గమనార్హం. పంక్ గీతానికి శత్రువు ఎప్పుడూ ఎదుటనే ఉంటాడు. రాణి కావచ్చు, పోలీసు కావచ్చు, కంపెనీ కావచ్చు. పాత పాటలోని శత్రువులు ఆకలి, మృత్యువు, మూతపడిన గని. వీటిని తిట్టి ప్రయోజనం లేదు, వీటితో కలిసి బ్రతకాలి. అందుకే అక్కడ కేక స్థానంలో ఓర్పు వినిపిస్తుంది. 1992లో జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్‌లో అయిదు రోజులలో ఈ బృందం రికార్డు చేసిన ఆల్బమ్‌లో విద్యుత్ గిటార్ల హోరు దాదాపుగా లేదు. కోపం మాత్రం తగ్గలేదు. దానికి జ్ఞాపకం తోడయింది.

ఈ పరిణామం అమెరికాకే పరిమితం కాదు. ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో 1977లో పంక్ బృందంగా పుట్టిన మీకన్స్, 1984–85 గని కార్మికుల సమ్మె విఫలమైన సంవత్సరంలోనే ‘ఫియర్ అండ్ విస్కీ’ అనే ఆల్బమ్‌లో ఫిడేలునూ కంట్రీ బాణీలనూ ఆశ్రయించారు. ఓటమిని పాడడానికి పంక్ భాష చాలలేదని దీనినిబట్టి భావించవచ్చు.

అయితే, వెనుకకు చూడడంలో ఒక ప్రమాదం ఉన్నది. గతాన్ని మనకు నచ్చినంత మేరకే తలచుకుంటాము. కంట్రీ సంగీతాన్ని శ్వేతజాతి గ్రామీణుల వారసత్వంగా మాత్రమే భావించడం అటువంటి పొరపాటు. బాంజో మూలాలు ఆఫ్రికాలో ఉన్నాయి. ఏ.పి. కార్టర్ ఊరూరా తిరిగి పాటలు సేకరించినప్పుడు వెంట నడిచి, బాణీలను గుర్తుంచుకుని అందించినవాడు లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు. నాష్‌విల్ వ్యాపార సంగీతాన్ని నిరసించిన ఆల్ట్ కంట్రీ, ఈ ఋణాన్ని చాలాకాలం తగినంతగా గుర్తించలేదన్నది నా అభిప్రాయం. 2005లో ఏర్పడిన కరోలినా చాక్లెట్ డ్రాప్స్ బృందం, అందులోని రియానన్ గిడెన్స్ బాంజోను తిరిగి నల్లజాతి కళాకారుల చేతికి తెచ్చి ఆ లోపాన్ని కొంత పూరించారు.

అంకుల్ టుపెలో 1994లో విడిపోయింది. ఫరార్ సన్ వోల్ట్‌ను, ట్వీడీ విల్కోను నెలకొల్పారు. విల్కో కొద్దికాలంలోనే ఆ ముద్రను దాటి మరో దారి పట్టింది. అందులో ఆశ్చర్యమేమీ లేదు. పాత పాట వారికి బస చేసే ఇల్లు కాదు, దాహం తీర్చిన బావి. పంక్‌తో విసిగినవాడు తిరుగుబాటును వదులుకున్నాడని అనుకోనక్కరలేదు. తనకంటె ముందు బాధపడినవారున్నారనీ, వారూ పాడారనీ తెలుసుకున్నాడు. ఆ ఎరుక కలిగిన తరువాత అతని ఆగ్రహం ఒంటరిది కాదు.