ఎన్నాళ్లుండాలండీ?

మా నూజివీడు వైపు రసాలు మార్కెట్లోకి రాకముందే స్టిక్కర్ల సీజన్ మొదలవుతుంది. కమీషన్ దుకాణాల బోర్డులు, వ్యాన్ల మీద పేర్లు, జ్యూస్ బళ్లకు బంగినపల్లి బొమ్మలు. ఆ రద్దీలో సరుకు గురించి ఆలోచించే తీరిక ఉండదు. అందుకే ఏ వినైల్ రోల్ ఎన్ని తేవాలో ఫిబ్రవరిలోనే తేల్చుకుంటాను. సైన్ ప్రింటింగ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే.

దుకాణం మెట్లెక్కిన వాళ్లు "అడుగు ఎంత?" అంటారు. నేను ముందు "ఎన్నాళ్లుండాలండీ?" అని అడుగుతాను. మామిడి మండీకి రెండు నెలలుంటే చాలు. డాక్టరు గారి బోర్డు ఏళ్ల తరబడి ఉండాలి. రెంటికీ ఒకే వినైల్ అంటించి ఒకే రేటు చెప్పడం న్యాయం కాదు.

వినైల్ అంటే పీవీసీ ప్లాస్టిక్, అది స్వతహాగా బిరుసు. దాన్ని మెత్తబరిచే దారిని 1926లో అమెరికాలో వాల్డో సీమన్ కనిపెట్టాడు. మన వినైల్ వంగుతున్నదంటే లోపల కలిపిన ఆ మెత్తబరిచే నూనెల వల్లే. చౌక రకం మోనోమెరిక్‌లో ఆ అణువులు చిన్నవి, ఎండకు మెల్లగా బయటికి జారుకుంటాయి. పాలిమెరిక్‌లో పెద్దవి కాబట్టి ఎక్కువకాలం నిలుస్తాయి. ఈ రెండు రకాలనూ వేడి రోలర్ల మధ్య సాగదీసి పల్చన చేస్తారు. ఆ సాగుడు ఫిల్మ్‌లో దాగుండి, వేడి తగిలినప్పుడల్లా వెనక్కి లాగుతుంది. కాస్ట్ వినైల్‌ను మాత్రం ద్రవంగా పోసి ఆరబెడతారు, అందుకే దానికి ముడుచుకునే గుణం బాగా తక్కువ. వ్యాన్ డోరు వంపుల్లోనూ చక్కగా ఒదుగుతుంది. ధర మాత్రం గట్టిగానే ఉంటుంది.

తేడా చూడాలంటే పడమటి ఎండ తగిలే ఏ పాత షట్టర్ దగ్గరికైనా వెళ్లండి. అక్షరం అంచు వెంట సన్నటి నల్ల గీత కనిపిస్తుంది. వినైల్ లోపలికి ముడుచుకుంటే బంక బయటపడి, దానికి దుమ్ము అంటుకుంది. వేలితో తాకితే ఇంకా జిగురుగానే ఉంటుంది. ప్రింటులో లోపం లేదు, రంగులూ బాగానే ఉన్నాయి. తప్పంతా రోల్ ఎంచుకోవడంలోనే జరిగింది. నా రాక్‌లో పాలిమెరిక్‌కు పెద్ద వాటా ఇవ్వడానికి కారణం ఆ గీతే. పాత బోర్డు మీదే కొత్తది వేయించుకునే వాళ్ల కోసం వెనక బూడిద రంగుండే గ్రే బ్యాక్ వినైల్ కూడా తెస్తాను, దాంతో కింది అక్షరాలు పైకి తేలవు. కాస్ట్ మాత్రం ఆర్డరు వచ్చాకే. బంకకూ గడువుంటుంది, రేకుల షెడ్డులో అట్టే పెడితే పాడవుతుంది.

ఫ్లెక్స్ సంగతి వేరు. 100 మైక్రాన్ల కంటే పలచని పీవీసీ బ్యానర్లను కేంద్రం 2022 జూలై 1 నుంచి నిషేధించింది. ఆ ఆగస్టులోనే విశాఖలో రాష్ట్ర ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సులనే ఆపేస్తామని ప్రకటించింది. అప్పు చేసి మెషీన్లు పెట్టుకున్న వాళ్ల గుండెల్లో రాయి పడింది. వాళ్ల బాధ నాకు తెలుసు. అయినా ఒక్క పూట పుట్టినరోజు ఫోటో కోసం ఏళ్ల తరబడి మట్టిలో కలవని సరుకు వాడటం నాకు నచ్చదు. పాత ఫ్లెక్సులు మా తోటల్లో కావలి పాకల మీద కప్పులవుతాయి, అంతవరకు మేలే. కానీ చలిమంటలో వేస్తే వచ్చే పొగ విషం. అలాంటి ఒక్కరోజు పనులకు గుడ్డ బ్యానరే వేయించుకోమని చెబుతాను, వినేవాళ్లూ ఉన్నారు.

ఈసారి గ్లాసీ వినైల్‌లో ఒక రోల్ తగ్గించి రిఫ్లెక్టివ్ టేప్ ఎక్కువ తెస్తున్నాను: వెనక్కి ఎరుపు, ముందుకు తెలుపు, పక్కలకు పసుపు. సీజన్లో కాయ కోసి, సర్ది, ట్రాక్టర్ కదిలేసరికి చీకటి పడుతుంది. చాలా ట్రాలీలకు వెనక లైట్లు వెలగవు. టేప్ అడగడానికి ఎవరూ రారు, పేరు రాయించుకోవడానికి వస్తారు. వచ్చినప్పుడే తలుపు మీది మట్టి కడిగించి, తడి ఆరాక టేప్ కూడా అంటించి పంపుతాను. దానికి కొన్న ధరే తీసుకుంటాను. తోటి దుకాణాల వాళ్లనూ అడుగుతున్నాను, ఈ సీజన్‌కు మీ రాక్‌లో ఒక ఎర్ర రోల్ పెట్టండి.