తెర లేచే ముందు

ఖమ్మం మీద పుస్తకాలకు కొదవ లేదు. ఖిల్లా మీద ఉన్నాయి, సాయుధ పోరాటం మీద ఉన్నాయి. భద్రాచలం స్థలపురాణమైతే శ్రీరామనవమి నాటికి కొత్త అట్టతో మళ్లీ వస్తూనే ఉంటుంది. ఈ జిల్లా జనం ఎవరూ పిలవకుండానే పోయి, సొంత డబ్బు పెట్టి, మూడేసి గంటలు కూర్చుని వచ్చిన చోటు ఒకటుంది. దాని గురించి రాయాలని ఈ పుస్తకం రాసిన అమ్మాయికి తోచేదాకా మా తరం పెద్దలెవరికీ తోచలేదు. ముందుమాట అడగడానికి వచ్చినప్పుడు, నాకు సినిమాల గురించి ఏం తెలుసమ్మా అన్నాను. "సినిమా గురించి వద్దు సారూ, హాలు గురించి రాయండి" అంది. పుస్తకమంతా ఆ పట్టుదల మీదే నడిచింది. హీరోల ముచ్చట్లు దాదాపు లేవు. గేటు దగ్గర నిలబడ్డవాడు, టికెట్టు చించినవాడు, రిక్షాలో మైకు పట్టుకొని వీధివీధి తిరిగినవాడు, పైన చీకటి గదిలో చెమటలు కక్కినవాడు, వీళ్లే ఇందులో ముఖ్యులు.

మన వైపు హాళ్ల చరిత్రను రైలు పట్టాల వెంట వెతకాలన్న ఆమె ఆలోచన నాకు నచ్చింది. రఘుపతి వెంకయ్య మద్రాసులో గెయిటీ హాలు కట్టింది 1914లో. బెజవాడలో మారుతి టాకీసు వెలిసింది 1921లో. ఖమ్మం అప్పటికి నిజాం రాజ్యం. అయినా బెజవాడలో రైలెక్కితే పూట తిరక్కుండా వచ్చే ఊరు. భద్రాచలం సంగతి పూర్తిగా వేరు. అది 1860 నుంచీ ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో ఉండి, ఆ తర్వాత తూర్పు గోదావరిలో ఉండి, 1959లో గానీ ఖమ్మం జిల్లాలో కలవలేదు. గోదావరి మీద వంతెన వచ్చింది 1965లో. అంతకు ముందు ఇటునుంచి ఫిల్ము డబ్బా పోవాలన్నా రేవు దాటాల్సిందే. 2014లో చుట్టుపక్కల పల్లెలు ఆంధ్రప్రదేశ్‌కు పోయి పట్నం మాత్రం తెలంగాణలో మిగిలింది. ఇప్పుడు పక్కనున్న ఎటపాకలో అడుగుపెడితే సినిమా టికెట్టు రేటు తేల్చే ప్రభుత్వమే మారిపోతుంది. రాముడి ఊరికి సరిహద్దుల గొడవ తప్పలేదు.

డేరా టాకీసుల అధ్యాయం ఈ పుస్తకానికి ప్రాణం. నాలుగు గుంజలు, ఒక గుడారం, బయట డబడబలాడే ఆయిల్ ఇంజను, నేల మీద ఇసుక. లైసెన్సు గడువు తీరగానే డేరా పీకి ఇంకో ఊరు పోవాలి. ప్రొజెక్టరు ఒక్కటే ఉంటే రీలు రీలుకీ దీపాలు వెలిగేవి. ఈ కాలం పిల్లలకు ఇంటర్వెల్ ఒక్కటే తెలుసు. మాకు సినిమాకు పది ఇంటర్వెల్లు. పల్లీలమ్మేవాడికి అదే పండగ. అడవి వైపు నుంచి తిరునాళ్లకు దిగిన కోయ కుటుంబాలు స్వామిని చూసి, సంతలో ఉప్పు కొనుక్కొని, రాత్రికి డేరాలో కూర్చునేవి. 1963లో వచ్చిన లవకుశకు బండ్లు కట్టుకొని పోయారని తెలుగునాడంతా చెప్పుకుంటారు. సాక్షాత్తూ రాముడి ఊళ్లో ఆ మాటకు ఇంకెంత బలముంటుందో చెప్పాలా!

ఆపరేటర్ గది గురించి ఆమె రాసిన పేజీలు నేను రెండుసార్లు చదివాను. రెండు కార్బను కడ్డీల మధ్య నిప్పు వెలగాలి; కడ్డీలు కరిగేకొద్దీ వాటిని దగ్గరికి జరుపుతూ ఉండాలి, ఏమరిస్తే తెర మీద బొమ్మ మసకబారుతుంది. వెయ్యి అడుగుల రీలు ఆడేది పదకొండు నిమిషాలు. తెర మూలన చుక్క కనబడగానే రెండో మిషను అందుకోవాలి. అతుకు ఊడిందో, కింద ఈలలు, ఆపరేటర్ వంశాన్నంతా తలుచుకోవడం. ఒకే ప్రింటు రెండు హాళ్లలో ఆడే రోజుల్లో సైకిలు మీద డబ్బాలు మోసిన కుర్రాడు టైరు పంక్చరైతే రెండు ఊళ్లకూ శత్రువు. డిజిటల్ వచ్చాక ఈ పనితనమంతా ఒక్కసారిగా అక్కరకు రాకుండా పోయింది. ఆ పనివాళ్లు చెప్పిన మాటల్ని దిద్దకుండా, వాళ్ల యాసలోనే అచ్చువేసినందుకు రచయిత్రిని మెచ్చుకోవాలి.

ఇక నా పేచీ. హాల్లో చీకటి పడితే అందరూ సమానమేనని ఒకటి రెండు చోట్ల రాసింది. అంత మాట నేనొప్పుకోను. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ, ఒక్కోదానికి ఒక్కో రేటు, ఒక్కో దారి. నేల టికెట్టువాడు బాల్కనీ మెట్లెక్కితే గేటుకీపరు మెడ పట్టి దించేవాడు. ఆడవాళ్లకు కౌంటరు వేరు. కానీ ఒకటి నిజం. హోటళ్లలో రెండు గ్లాసులు పెట్టిన కాలంలో కూడా ఆ కౌంటరు కిటికీ డబ్బులెంతని అడిగిందే గాని నీ కులమేదని అడగలేదు. కొత్తగూడెం, ఇల్లెందుల్లో షిఫ్టు దిగిన బొగ్గుబాయి కార్మికుడికి రెండో ఆట మీద ఉన్న హక్కు మేనేజరుకున్న హక్కే. ఆమె చెప్పదలచింది ఇదే అయితే నాకు అభ్యంతరం లేదు.

మన ఉమ్మడి జిల్లా సినిమాకు తీసుకున్నదాని కంటే ఇచ్చింది ఎక్కువ. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న, అంటే భక్త రామదాసు, కథను నాగయ్య 1964లో, రాఘవేంద్రరావు 2006లో తెరకెక్కించారు. బాపు అందాల రాముడు (1973) పడవ వచ్చింది భద్రాద్రికే. ఖమ్మంలో చదువుకున్న దాశరథి 1961 నుంచి సినిమాకు పాటలిచ్చారు. వీటిని రచయిత్రి తొందరగా దాటేసింది. మలి కూర్పులో కాస్త నిదానించాలి.

చివరి భాగం కొత్త ఖమ్మం గురించి. 2012లో కార్పొరేషనైన ఊరు చూస్తుండగానే మారింది. లకారం చెరువు కట్ట మీద దీపాలు, వేలాడే వంతెన, కొత్త బస్టాండు, ఐటీ హబ్. సంతోషమే. 2023లో ఆ చెరువు నడుమ కృష్ణుడి వేషంలో 54 అడుగుల ఎన్టీఆర్ విగ్రహం పెట్టబోయి, హైకోర్టు స్టేతో ఆగారు. విగ్రహం ఉండాలా వద్దా అని ఊరంతా వాదించుకుంది. ఆ కృష్ణుణ్ణి మనం చూసిన సినిమా హాళ్ల గోడల సంగతి మాత్రం ఏ పక్షమూ ఎత్తలేదు. పాత హాలు మూతపడితే ఫంక్షన్ హాలో, షాపింగ్ కాంప్లెక్సో అవుతుంది. యజమానిని తప్పుపట్టి లాభం లేదు. 2024 మే నెలలో చూడ్డానికి జనం రాక తెలంగాణ సింగిల్ స్క్రీన్లు పది రోజులు తలుపులు మూసుకున్నాయి. నష్టానికి ఎవరు నడుపుతారు?

అయినా దారి లేకపోలేదు. మన పిల్లలు వేల సంఖ్యలో ఉంటున్న అట్లాంటాలో 1929 నాటి ఫాక్స్ థియేటరును 1970లలో టెలిఫోన్ కంపెనీ కూల్చబోతే ఊరివాళ్లు చందాలు పోగుచేసి నిలబెట్టుకున్నారు. అంత దూరం ఎందుకు, హైదరాబాద్ కాచిగూడలో పాత తారకరామ హాలు 2022లో బాగుపడి మళ్లీ తెరుచుకుంది. మన రాష్ట్రానికి 2017 నుంచి వారసత్వ కట్టడాల చట్టమూ ఉంది. గుళ్లూ గడీలే కాక, సినిమా హాలు కూడా వారసత్వమేనని ఎవరో ఒకరు అర్జీ పెట్టుకోవాలి. ఈ పుస్తకాన్ని ఆ అర్జీకి జతచేయొచ్చు.

పాఠకులకు ఒక మనవి. 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు లేచింది. తీరాన ఇళ్లలో పెట్టెలతో సహా కాగితాలు పోయాయి. మిగిలినవాటిని మనమే తూకానికి వేస్తున్నాం. మీ అటకల మీద పాత సినిమా కరపత్రాలు, టికెట్టు ముక్కలు, వాల్‌పోస్టర్లు, ప్రకటనల గాజు స్లైడ్లు, హాలు ముందు దిగిన ఫొటోలు ఉంటే పారేయకండి. ఏ ఊరు, ఏ హాలు, ఏ ఏడు అన్నది వెనక పెన్సిలుతో రాసి ఖమ్మంలోని జిల్లా గ్రంథాలయానికి ఇవ్వండి.