కొలువులో స్త్రీ: విరాటుని సైరంధ్రియు, పలనాటి నాయకురాలును

పలనాటి వీరచరిత్రమును గూర్చి మన విశ్వవిద్యాలయములలో జరిగిన పరిశోధన స్వల్పము కాదు. అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో ఆ ద్విపదకావ్యమును పరిష్కరించి ప్రకటించిన నాటినుండి, అందు శ్రీనాథుని చేతి భాగమెంత, ముదిగొండ వీరభద్రకవి ప్రభృతుల చేతి భాగమెంత, యుద్ధకాలమేది అను విషయములపై చర్చ సాగుచునే యున్నది. అలిసెట్టి గాలెయ్య పాడిన కథను జీన్ రోఘేర్ అను పండితుడు ఆంగ్లమున అనువదించి 1982లో గ్రంథముగా వెలువరించిన పిదప, మౌఖిక సంప్రదాయము వైపునకును పరిశోధకుల చూపు మరలినది. ఇంత కృషి జరిగియు ఒక ప్రశ్నను మాత్రము ఎవరును గట్టిగా అడిగినట్లు నాకు కనబడదు. నాయకురాలు నాగమ్మ ఒక రాజు కొలువులో మంత్రిపదవిని నిర్వహించిన స్త్రీ. ఆ పదవిలో ఉన్నందులకు ఆమెకు దక్కిన మర్యాద యెట్టిది?

ఈ ప్రశ్న నాకు పలనాటి కథ చదువుచుండగా తోచినది కాదు. తిక్కనగారి విరాటపర్వము పాఠము చెప్పుచుండగా తోచినది. అనగా నాకు తోచినదనుటయు సరికాదు. ఒక విద్యార్థిని తోపింపజేసినది. పలనాటి కళాశాలలలో నొకదానియందు కీచకవధ చెప్పుచు, సింహబలుని మోహావేశమును శృంగారాభాసమునకు లక్ష్యముగా చూపి, నర్తనశాలలో భీముడు చీర కప్పుకొని కూర్చున్న ఘట్టమున తరగతియంతయు నవ్వగా నేనును నవ్వి పాఠము ముగించితిని. గంట కొట్టిన పిమ్మట ఒక అమ్మాయి వచ్చి, "అయ్యా, సభలో అంతమంది ఉండి విరాటరాజు ఎందుకు మాటలాడలేదు?" అని అడిగినది. అది కథాసంవిధానములోని యవసరమని సమాధానము చెప్పి పంపివేసితిని. అజ్ఞాతవాసము భగ్నము కాకుండుటకు ధర్మరాజు మౌనమవసరమే. కాని విరాటునికి అజ్ఞాతవాసము లేదు గదా! ఆ సమాధానము తప్పని నాకు తెలియుటకు చాల కాలము పట్టినది.

కీచక వృత్తాంతమును మనము భీముని బలప్రదర్శనముగా చదువుకొనుటకు అలవాటు పడితిమి. ద్రౌపది సహనమున కది పరీక్షయని చెప్పుదుము. కాని కథలో ఆమె ఆ సమయమున రాణి కాదు, జీతగత్తె. ఈ యొక్క మాటను మనసున నిలుపుకొని చదివినచో ఘట్టమంతయు వేరు రూపము దాల్చును. కొలువున చేరునాడే ఎంగిలి ముట్టుకొననని, కాళ్ళు కడుగనని మూలమున నియమము కలదు. తనకు గంధర్వులు భర్తలుగా గలరని, చెడుదృష్టితో చూచినవానికి చేటు తప్పదని ముందుగనే హెచ్చరించియు నున్నది. నేటి పరిభాషలో చెప్పవలెనన్న, ఆమె తన పనికి షరతులు వ్రాయించుకొని చేరిన ఉద్యోగిని.

కీచకుడు ఆ యింటి యజమానురాలికి తోబుట్టువు, రాజునకు సేనాపతి. అతడు మొదట తానే అడిగెను, ఆమె కాదనెను. అంతటితో ఊరకుండక సుదేష్ణను ఆశ్రయించెను. సుదేష్ణ చేసిన పని సూక్ష్మముగా పరిశీలింపదగినది. ఆమె సైరంధ్రితో కీచకుని కోరిక తీర్పుమని నోరు తెరచి చెప్పలేదు. అతని యింటికి పోయి సుర తెమ్మని మాత్రము పంపినది. మరొకరిని పంపుమని సైరంధ్రి వేడుకొన్నను వినలేదు. అనగా వేధింపు ఇచ్చట పనిరూపమున వచ్చినది. నిరాకరించినచో ఆజ్ఞాభంగము, అంగీకరించినచో మానభంగము. పాత్ర చేతబట్టుకొని సూర్యునికి మ్రొక్కుచు వీథిని పోవు ఆ స్త్రీ దైన్యమును తిక్కన చిత్రించిన తీరును అలంకారశాస్త్రపు కొలతలతో మాత్రమే కొలచితిమి. పై యధికారి యింటికి కాగితములు తీసికొని పొమ్మనినప్పుడు గడప దాటుటకు వెనుకాడు గుమాస్తాపిల్ల కా దైన్యము చక్కగా తెలియును.

తరువాతి దృశ్యము సభ. కీచకుడు వెంబడించి జుట్టు పట్టి తన్నినది రాజు కన్నులయెదుటనే. ఆమె విరాటుని నిలదీసినది. సంస్కృతమూలమున విరాటుడిచ్చిన ప్రత్యుత్తరము మిక్కిలి విచిత్రమైనది: మీ యిరువురి కలహము నా పరోక్షమున జరిగినది, నిజమేదో తెలియక నేనేమి తీర్పు చెప్పుదునని అతని వాదము. తన్నినది చూచియు తగవు తెలియదనుట! సభ్యులు సైరంధ్రిని మెచ్చుకొనిరి, కీచకుని గర్హించిరి. కాని లేచి అడ్డుపడిన వాడు లేడు. ఇంక కంకుభట్టు నటకత్తెవలె సభలో నిలువవలదని, జూదమునకు భంగము కలుగుచున్నదని ఆమెనే మందలించెను. దానికి ద్రౌపది తన మగడే నటుడని, జూదరియని ఎత్తిపొడిచిన పద్యములను మనము వ్యంగ్యవైభవమునకై కంఠస్థము చేయింతుము. అవి వ్యంగ్యవైభవము కలవే. అయితే ఫిర్యాదు చేసిన స్త్రీకి తక్షణము లభించిన సమాధానము ఆమె నడవడిని గూర్చిన విమర్శయే యన్న సంగతిని ఏ వ్యాఖ్యానమును పట్టించుకొనలేదు.

తెలుగు నుడికారమే ఈ యుపేక్షకు తోడ్పడుచున్నదేమో యని సందేహము. "అల్లరి" యను మాటను చూడుడు. ఒకడు ఒక స్త్రీని వేధించినచో "ఆమె అల్లరి పాలయినది" అందుము. చేసినవాడు ఆ వాక్యమునందు లేడు. "లైంగిక వేధింపు" అను పదబంధము మన భాషకు క్రొత్తది, కర్ణకఠోరమని కొందరు పండితులకు అయిష్టము కూడ. కాని వేధించినవాడొకడు ఉన్నాడని ఆ పదము గుర్తుచేయును. ఆ మేరకు అది మంచి పదము.

ఆ పదమునకు మనదేశమున శాసనార్థము కలిగినది ఇటీవలనే. రాజస్థానములో బాల్యవివాహమును ఆప నెంచిన ఒక గ్రామకార్యకర్తపై 1992లో జరిగిన అత్యాచారము నుండి పుట్టిన వ్యాజ్యములో, 1997 ఆగస్టు 13న సర్వోన్నత న్యాయస్థానము విశాఖ తీర్పును వెలువరించినది. (విశాఖ యనగా మన పట్టణము కాదు, వ్యాజ్యము వేసిన సంస్థలలో నొకదాని పేరు.) పదునారేండ్ల తరువాత 2013లో చట్టము వచ్చినది. పదిమందియు అంతకు మించియు పనిచేయు ప్రతి చోటను అంతర్గత సంఘము ఉండవలెననియు, దానికి పై హోదాలో నున్న స్త్రీ అధ్యక్షురాలు కావలెననియు, సభ్యులలో సగమునకు తక్కువ గాకుండ స్త్రీలుండవలెననియు, బయటివారొకరు చేరవలెననియు ఆ చట్టము నిర్దేశించును. మూడు నెలలలోగా ఫిర్యాదు, తొంబది దినములలోగా విచారణ. విశ్వవిద్యాలయములకు 2016లో ప్రత్యేక నిబంధనలు వచ్చినవి. విద్యార్థినులకును అవి వర్తించును. బయటి సభ్యుని నియమము నాకు విరాటసభను స్మరింపజేయును. అచ్చట నున్నవారందరు కీచకుని భుజబలముపై బ్రతుకుచున్నవారే; బయటివాడొక్కడును లేడు.

చట్టమునందు మరియొక యంశము సాహిత్య విద్యార్థులకు ముఖ్యము. చేయి పట్టుకొనుట, కోరిక కోరుట మాత్రమే కాక, ఆ వేధింపులో భాగముగా పనిలో ఆటంకము కల్పించుట, బెదరింపు గల వాతావరణము నెలకొల్పుట, అవమానకరముగా ప్రవర్తించుట కూడ లెక్కలోనికి వచ్చును. సైరంధ్రి కథ మొదటి తెగకు చెందినది. నాగమ్మ కథను ఈ చట్టము క్రిందికి తెచ్చుట నా యుద్దేశము కాదు. కాని స్త్రీయైనందుననే పనిలో నవమానము పొందుట యెట్లుండునో ఆ కథ చూపినంతగా తెలుగులో మరియొకటి చూపదు.

నాగమ్మ మంత్రిత్వమునకు వచ్చిన తీరును కథకులు చాల శ్రద్ధతో చెప్పుదురు. జిట్టగామాలపాటిలో వేటకు వచ్చి అలసిన రాజునకు ఆతిథ్యమిచ్చి, మెప్పించి, ఏడు ఘడియల యధికారమును వరముగా పొందినదట. ఆ వరము చేసికొన్న నేర్పును కథ కపటముగా చిత్రించును. బ్రహ్మనాయనికి మంత్రిత్వమెట్లు వచ్చినది? తండ్రి దొడ్డనాయడు మంత్రి కనుక వచ్చినది. దానిని గూర్చి కథయు ప్రశ్నింపదు, విమర్శకుడును ప్రశ్నింపడు. వారసత్వమున వచ్చిన పదవి సహజము, తెలివితో సంపాదించిన పదవి కుటిలము! "ఆమెకా పదవి ఎట్లు వచ్చినదో మాకు తెలియదా" యను గుసగుస నేటి కార్యాలయముల వరండాలలో వినని వారెవరు?

నాగమ్మ దోషములను కడిగివేయుట నా యుద్దేశము కాదు. కోడిపోరులోని మోసము, అలరాజునకు విషము పెట్టించుట మొదలగునవి సంప్రదాయము ఆమెకు అంటగట్టిన నేరములు. అవి నేరములే. వానిని నేరములుగా విమర్శింపవలసినదే. కాని భారతమున శకుని మాయాజూదమాడినప్పుడు మగవాడు కనుక ఆడెనని ఎవరనిరి? పందెమునకు రాజ్యమునొడ్డుటకు బ్రహ్మనాయడు అంగీకరించుట రాజనీతి లోపము కాదా? నాగమ్మ విషయమున మాత్రము చేసిన పనికి ముందు ఆమె స్త్రీయనియు, భర్త లేనిదనియు గుర్తుచేయుట యాచారమైనది. "ఆడపెత్తనము" అను ఒక్క మాటతో తీర్పు ముగియును. ఇంకను ఆశ్చర్యమేమనగా, ఈ పని చేయునది మాచెర్ల చెన్నకేశవుని సన్నిధిని చాపకూడు పెట్టి కులభేదమును త్రోసిపుచ్చిన పక్షము వారి కథ. పంక్తిలో మాలకన్నమదాసుకు చోటిచ్చిన కథకు, సభలో నాగమ్మకు చోటిచ్చుటకు మనసొప్పలేదు. బ్రహ్మనాయని సంస్కరణ దృష్టిని వేనోళ్ళ పొగడిన మన వ్యాసములలో ఈ హద్దును గూర్చిన ప్రస్తావన యుండవలసినది.

ఉన్నవ లక్ష్మీనారాయణగారు దీనిని కొంత గుర్తించిరని నా యభిప్రాయము. గుంటూరున శారదానికేతనమును స్థాపించి స్త్రీవిద్యకు పాటుపడిన ఆయన, ఈ కథను 1926లో నాటకముగా వ్రాయుచు దానికి బ్రహ్మనాయని పేరు గాని బాలచంద్రుని పేరు గాని పెట్టక "నాయకురాలు" అని పెట్టిరి. పేరు పెట్టుటయు విమర్శయే. చలనచిత్రములలో 1947లో కన్నాంబ, 1966లో భానుమతి ధరించుటచేత ఆ పాత్రకు గాంభీర్యము చేకూరినది. అది నటీమణుల ఘనతయే కాని కథయందు మార్పు కాదు.

కారెంపూడిలో కార్తికమాసమున రాచగావు మొదలు కళ్ళిపాడు వరకు ఐదు దినములు వీరుల యుత్సవము జరుగును. కథ వినవచ్చు స్త్రీలలో మిరపతోటలలో కాయ కోయువారు, పిడుగురాళ్ళ సున్నపుబట్టీలలో రాయి మోయువారు కలరు. వారి కొలువునకు సభ లేదు, సంఘము లేదు. మేస్త్రి యొక్కడే విరాటుడును, తరచుగా కీచకుడును. పదిమంది కంటె తక్కువ యున్న పనిచోట్లకు, యజమానునిపైననే ఫిర్యాదు ఉన్నప్పుడు, జిల్లాకొక స్థానిక సంఘముండవలెనని చట్టమే చెప్పుచున్నది. 2022 ఏప్రిల్ 4న పలనాడు ప్రత్యేకజిల్లా యైనది కనుక నరసరావుపేట దానికి కేంద్రము. గురజాల చేలలోని కూలికి నరసరావుపేట యెంత దూరమో, ఆ దినపు కూలి పోగొట్టుకొని పోవుట యెంత కష్టమో లెక్కవేయుట మన శాస్త్రము కాదు గాని, ఆ దూరము ఎరుగని విమర్శ సైరంధ్రి నడచిన వీథిని ఎరుగజాలదు.

ఇచ్చట నా విషయమొకటి చెప్పుకొనవలసి యున్నది. ఒక విద్యాసంస్థలో అట్టి విచారణసంఘమున నేను కొంతకాలము సభ్యుడనైతిని. వివరములు వెల్లడించుట చట్టవిరుద్ధము. ఇచ్చట వాని యవసరమును లేదు. ఫిర్యాదు చేసినామె ఎదుట కూర్చున్నప్పుడు నేనడిగిన మొదటి ప్రశ్న మాత్రము చెప్పెదను: "అమ్మా, ఆ వేళలో నీవతని గదికి ఎందుకు పోతివి?" పిలిచినారు కనుక, పని యున్నదనిరి కనుక పోయితినని ఆమె చెప్పినది. ఇరువది యేండ్లుగా విరాటపర్వము చెప్పుచున్న వానికి ఆ ప్రశ్న అడుగవలసిన యగత్యము లేదు. అధ్యక్షురాలు నన్ను వారించి, ప్రశ్నను కాగితమునుండి కొట్టివేయించిరి. ఆరోపణ నిజమని తేలినది. తగిన చర్యయు జరిగినది. కొన్ని నెలలకు ఆమె ఆ యుద్యోగమును వదలి వెళ్ళిపోయినది. వెళ్ళుమని ఎవరును చెప్పలేదు. ఆమెతో మాటలాడుటను మాత్రము అందరును తగ్గించిరి.

విరాటపర్వమున కీచకవధతో పాఠ్యభాగము ముగియుచున్నది కనుక మన విద్యార్థులు చదువని ఘట్టమొకటి దాని తరువాత కలదు. ఉపకీచకులు సైరంధ్రిని కీచకుని శవముతో కలిపి దహింప బూనుటయు, భీముడు వారిని చంపుటయు జరిగిన పిమ్మట, పౌరులు భయపడి రాజునకు విన్నవించుకొనిరి. అప్పుడు విరాటుడు నోరు విప్పెను. గంధర్వుల వలన భయముగా నున్నది, నీవు మా పురము విడిచి పొమ్మని సుదేష్ణ నోట సైరంధ్రికి చెప్పించెను. తాను స్వయముగా చెప్పుటకు జంకెను. కీచకుడు తన్నినప్పుడు నిజము తెలియదన్న రాజునకు ఇప్పుడు తీర్పు తెలిసినది. సైరంధ్రి మాత్రము వెంటనే పోలేదు. ఇంక పదుమూడు దినములు తాళుమని అడిగినది.