కత్తెర ముట్టని బట్ట

మంగళగిరి చీరలో ఒంటి భాగం సాదాగా ఉంటుంది. పనితనమంతా అంచులోనే. గుడి గోపురాల్లా బారుగా లేచే మొనలున్న జరీ అంచును నిజాం అంచు అంటారు. ఈ బట్టను ఎవరూ కోయరన్న భరోసాతోనే నేతగాడు అంచు మీద అంత శ్రద్ధ పెడతాడు. గుంటమగ్గం దిగేసరికే చీర చీరే, పంచె పంచే. దర్జీకి పనేమీ ఉండదు. మిగిలిందల్లా కట్టుకునేవాళ్ల నేర్పు.

ప్రాచీన గ్రీకులదీ ఇదే దారి. నిలువు మగ్గానికి పడుగు వేలాడదీసి, దారాల కొసలకు మట్టి బరువులు కట్టి, మనిషికి సరిపడా ఉన్ని బట్ట నేసుకునేవారు. పెప్లోస్ అనే ఆ బట్టను భుజాల మీద పిన్నులతో బిగించి, నడుముకు పట్టీ చుట్టేవారు. మన బట్ట కూడా గ్రీకులకు తెలియనిది కాదు. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడు రాసిన ‘పెరిప్లస్’ అనే ఓడవర్తక పుస్తకం మసాలియా అనే సీమను పేర్కొంటుంది. అక్కడ నూలుబట్టలు విరివిగా తయారవుతాయని అందులో ఉంది. అది మన మచిలీపట్నం తీరమేనని చరిత్రకారులు గుర్తించారు.

ఆ కాలపు కట్టు ఎలా ఉండేదో అమరావతి శిల్పాలు చెబుతాయి. గ్రీకు విగ్రహాల మీద ముడతలు లోతుగా, బరువుగా పడతాయి. అమరావతి సున్నపురాతిలో బట్ట ఒంటికి అంటుకుపోయి ఉంటుంది. తొడల మీది సన్నని గీతలు, కాళ్ల మధ్య జారే కుచ్చెళ్లు చూస్తేనే అక్కడ బట్ట ఉందని తెలుస్తుంది. నడుముకు మెలితిప్పి చుట్టిన గుడ్డ, పక్కన ముడి, ముడి నుంచి వేలాడే కొసలు. శిల్పి ముడిని ఎంత ఇష్టంగా చెక్కాడో!

పంచెకట్టు ఆ వరసలోదే. ఎనిమిది మూరల బట్ట నడిమి భాగాన్ని నడుము వెనక ఆనించి, రెండు వైపులా ముందుకు లాగి బొడ్డు దగ్గర బిగిస్తారు. ఒక కొసను కుచ్చెళ్లు పోసి కాళ్ల మధ్యగా వెనక్కి తీసి గోచీ దోపుతారు. రెండో కొస కుచ్చెళ్లు ముందు జారతాయి. పిన్ను లేదు, బొత్తం లేదు. బిగువూ మడతా కలిసి బట్టను నిలబెడతాయి. నాట్లు వేసే ఆడవాళ్లు చీరను గోచీ పోసి బురదలో దిగడంలోనూ అదే నేర్పు ఉంది. తండ్రి పంచె కొడుక్కి సరిపోతుంది. పాతబడితే ఉయ్యాలవుతుంది, చంటిబిడ్డకు పొత్తిగుడ్డవుతుంది.

యూరప్ ఈ విద్యను మరిచిపోయి మళ్లీ వెతుక్కుంది. 1907 ప్రాంతంలో వెనిస్‌లో డిజైనర్ మరియానో ఫార్చూని పట్టును సన్నని మడతలు పెట్టి డెల్ఫోస్ గౌను చేశాడు. డెల్ఫీలో దొరికిన రథసారథి కంచు విగ్రహం దానికి ప్రేరణ. ఆ తర్వాత మరో డిజైనర్ మడలీన్ వియోనే బట్టను ఏటవాలుగా కోసి, గ్రీకు బొమ్మల మీదిలా జారేలా చేసింది. ఆధునిక ఫ్యాషన్ వాళ్లిద్దరికీ ఎంతో రుణపడింది.

మనకు వెతుక్కోవలసిన అవసరం లేదు, కట్టు ఇంకా బతికే ఉంది. అయినా మంగళగిరి బట్టను కుర్తీలకు కోస్తూ అంచును ముక్కలు చేసి చేతులకు అతికిస్తున్నారు. కూచిపూడి నాట్యానికి కూడా ఇప్పుడు విసనకర్ర కుచ్చెళ్లు కుట్టి సిద్ధం చేసిన దుస్తులే ఎక్కువ. వేగంగా దుస్తులు మార్చుకోవడానికి అవి అవసరమే, కాదనను. కానీ డిజైన్ చదివే పిల్లలు కత్తెర పట్టే ముందు మగ్గం పన్నా ఎంతో కొలవాలి, ఆ వెడల్పులోనే దుస్తులు ఇమిడేలా గీయాలి. అమరావతి మ్యూజియం, విజయవాడ బాపు మ్యూజియం మంగళగిరికి దగ్గర్లోనే ఉన్నాయి. అక్కడి శిల్పాల మీది ముడులను ఒక్కొక్కటిగా నోటుబుక్కులో గీసుకుని, ఇంటికి వచ్చి పంచె గుడ్డతో కట్టి చూడాలి.