కిజ్జీ దగ్గర తెగిపోయే వంశవృక్షం

అలెక్స్ హేలీ 'రూట్స్' సహవాసి అనువాదంలో మనకి 'ఏడు తరాలు'గా వచ్చింది. మూలం పేరులో వేళ్ళున్నాయి, తెలుగు పేరులో లెక్క ఉంది. ఈ లెక్క మనకి కొత్తదేం కాదు. సంబంధం కలుపుకునేటప్పుడు అటేడు తరాలూ ఇటేడు తరాలూ చూడాలంటారు. ఏడు తరాలు కూర్చుని తిన్నా తరగని ఆస్తి అంటారు. అంటే ఆ రెండు మాటల్లోనే పెళ్ళి, ఆస్తి, పరువు మూడూ ఇమిడి ఉన్నాయి. తామే ఒకరి ఆస్తి అయినవాళ్ళ కథకి, తమ పెళ్ళిని చట్టం పెళ్ళిగా చూడని వాళ్ళ కథకి, తెలుగులో ఈ పేరు వచ్చి కూర్చుంది. తెలిసి పెట్టారో తెలియక పెట్టారో గానీ, మూలం పేరు కంటే పదునైన పేరు ఇది.

ఈ పుస్తకాన్ని మళ్ళీ తియ్యడానికి కారణం నా చుట్టూ ఉన్న పూర్వీకుల జ్వరం. అమెరికాలో ఉన్న ఫ్రెండ్స్ ట్యూబులో ఉమ్మి పోస్టులో పంపి, తాము ఎంత శాతం ఎవరో చూపించే పై చార్ట్ స్టేటస్‌లో పెడుతున్నారు. ఇక్కడ మా బాబాయి రిటైరయ్యాక మూడేళ్ళు కూర్చుని మా వంశవృక్షం గీశాడు. ఫ్యామిలీ గ్రూపులో పీడీఎఫ్ వచ్చింది. పైన, చెట్టు మొదట్లో, ఒక సంస్థానంలో మంత్రిగా చేశారని చెప్పే పెద్దాయన. ఆయనకీ ఆ తర్వాతి పేరుకీ మధ్య చుక్కల గీత. ఎవరూ ఆ చుక్కల గురించి అడగలేదు. అందరూ మంత్రిగారికి దండాలు పెట్టే ఎమోజీలు పెట్టారు.

హేలీ పుస్తకం కూడా ఒక రకంగా ఆ చుక్కల గీత గురించే. టెనెసీలోని హెన్నింగ్ అనే చిన్న ఊళ్ళో, అమ్మమ్మ సింథియా ఇంటి వరండాలో, ముసలివాళ్ళు చెప్పుకునే కథ ఒకటి వింటూ పెరిగాడాయన. మన వంశంలో మొదటివాడు ఆఫ్రికావాడు, కట్టె కొట్టుకోవడానికి వెళ్ళి పట్టుబడ్డాడు, నదిని 'కాంబీ బొలాంగో' అనేవాడు, టోబీ అని పిలిస్తే ఒప్పుకునేవాడు కాదు. ఈ నాలుగు ముక్కలు పట్టుకుని, ఏళ్ళ తరబడి ఆర్కైవుల్లో తిరిగి, 1967లో గాంబియాలోని జుఫురే చేరుకున్నాడు. అక్కడ ఒక వృద్ధుడు కింటే వంశ చరిత్ర పాడుతూ, రాజుగారి సైనికులు వచ్చిన కాలంలో కుంటా అనేవాడు కట్టెలకి వెళ్ళి తిరిగి రాలేదని చెప్పాడు. పుస్తకం 1976లో వచ్చింది. 1977 జనవరిలో టీవీలో ఎనిమిది రాత్రులు అమెరికా మొత్తం చూసింది. ఆ ఏడే ప్రత్యేక పులిట్జర్.

ఆ ఏప్రిల్‌లోనే లండన్ సండే టైమ్స్ విలేకరి మార్క్ ఒటావే జుఫురే వెళ్ళి వచ్చి వేరే కథ రాశాడు. హేలీ ఏం వెతుకుతున్నాడో గాంబియాలో ముందే తెలుసు, పాడినాయన వంశపారంపర్యంగా ఆ వృత్తిలో ఉన్నవాడు కాదు అని. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ సమస్య బాగా పరిచయమే. రావాల్సిన జవాబు ముందే కోడ్‌లో రాసిపెట్టి టెస్ట్ రన్ చేస్తే అది ఎప్పుడూ పాసవుతుంది. 1978లో హెరల్డ్ కోర్లాండర్ తన నవల 'ది ఆఫ్రికన్' నుంచి భాగాలు తీసుకున్నాడని కోర్టుకి వెళ్తే, 6,50,000 డాలర్లకి రాజీ కుదిరింది. ఆ నవలలోని కొన్ని భాగాలు తన పుస్తకంలోకి చేరాయని హేలీ ఒప్పుకున్నాడు. 1981లో గ్యారీ మిల్స్, ఎలిజబెత్ షోన్ మిల్స్ అనే వంశచరిత్రకారులు వర్జీనియా రికార్డులు తిరగేశారు. ఆ వ్యాసం దగ్గరికి చివర్లో వస్తాను, ఎందుకంటే నన్ను నిద్రపోనివ్వనిది అదే.

ఇవన్నీ తెలిశాక పుస్తకాన్ని ఎలా చదవాలి? 'నవలే కదా, వదిలెయ్యండి' అనే జవాబు నాకు నచ్చదు. నవల అని అచ్చేసి ఉంటే ఆ టీవీ రాత్రులు అలా ఉండేవా? దాని బలమంతా 'ఇది నిజంగా మా తాత' అన్న మాటలో ఉంది. కానీ 'అబద్ధం, పక్కన పడెయ్యండి' అనేదీ తేలిక మాటే. అమెరికా సెన్సస్‌లో నల్లవాళ్ళందరూ పేర్లతో కనిపించేది 1870 నుంచి. 1850, 1860 లెక్కల్లో బానిసలకి వేరే షెడ్యూల్ ఉండేది, అందులో యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు ఉంటాయి, పేరు ఉండదు. పేరులేని వరసల్ని చూసి కథ అల్లుకోవడం, మంత్రిగారి వైపు చుక్కలు గీయడం ఒకటి కావు. ఒకరిది కాగితం దొరకని లోటు, ఇంకొకరిది దొరికిన కాగితం చాలదనే అసంతృప్తి.

నాకు అసలు పేచీ వేరే చోట ఉంది. రికార్డులేమీ లేని జుఫురే దగ్గర పుస్తకం తీరిగ్గా కూర్చుంటుంది. కుంటా పుట్టుక, మేకలు కాయడం, మగవాడయ్యే శిక్షణ, అన్నీ పేజీల కొద్దీ. ఆ ఊరు కూడా కల్మషం అంటని తోటలా ఉంటుంది. నిజం జుఫురే ఇంగ్లీషువాళ్ళ జేమ్స్ ఫోర్ట్‌కి ఎదురుగా, వ్యాపారం నడుమ ఉన్న ఊరు. తెల్లవాడంటే అక్కడ దెయ్యం కథేం కాదు. (ఆ కోట ఉన్న దీవికి 2011లో కుంటా కింటే దీవి అని పేరు మార్చారు. తాత నవల నుంచి నడిచి మ్యాపులోకి వెళ్ళిపోయాడు.) మరి 1870 సెన్సస్‌లో హేలీ కళ్ళారా చూసిన కమ్మరి టామ్ మర్రీ? ఆయన తరానికి వచ్చేసరికి పుస్తకం పరుగందుకుంటుంది. ఇనుము కొట్టి బతికి, విడుదలయ్యాక బళ్ళు కట్టుకుని కుటుంబాన్ని టెనెసీ చేర్చిన మనిషి. నాకైతే ఈ పుస్తకంలో చెప్పుకోదగ్గ పూర్వీకుడు ఆయనే. మధ్యలో కోళ్ళ జార్జ్ ఉన్నాడు కాబట్టి గోదావరి పాఠకులకి ఇబ్బంది లేదు, కోడిపందేల పేజీలు మన సంక్రాంతి బరుల పక్కన నిలబడి రాసినట్టే ఉంటాయి.

ఇప్పుడు లెక్క. హేలీ నుంచి పైకి ఎక్కితే తల్లి బెర్తా, ఆమె తల్లి సింథియా, ఆమె తండ్రి టామ్, అతని తండ్రి జార్జ్, అతని తల్లి కిజ్జీ, ఆమె తండ్రి కుంటా. ఆరు మెట్లు. ఆరో మెట్టు మీద ప్రతి మనిషికీ 64 మంది ఉంటారు. కుంటా ఆ 64లో ఒకడు. మిగతా 63 మంది సంగతి 'రూట్స్' పట్టించుకోదు. పైగా జార్జ్ తండ్రి ఎవరు? కిజ్జీని కొనుక్కుని బలాత్కారం చేసిన యజమాని టామ్ లీ. పుస్తకం ప్రకారమే అతను హేలీకి కుంటా కంటే ఒక తరం దగ్గర. 32లో ఒకడు. రక్తం లెక్క చూస్తే రెట్టింపు వాటా. హేలీ అతన్ని దాచలేదు, కానీ అతని ఊరు వెతుక్కుంటూ ఓడ ఎక్కలేదు. పూర్వీకులు దొరకరు, ఎంచుకోబడతారు. హేలీ ఎంపిక నాకు సబబుగానే అనిపిస్తుంది. కానీ అదే స్వేచ్ఛ ఎదుటివాడూ తీసుకుంటాడు. పీబీఎస్‌లో హెన్రీ లూయిస్ గేట్స్ నడిపే 'ఫైండింగ్ యువర్ రూట్స్'లో నటుడు బెన్ ఆఫ్లెక్ ఎపిసోడ్ 2014లో వచ్చింది. బానిసల్ని ఉంచుకున్న తన పూర్వీకుణ్ణి చూపించొద్దని అతను అడిగినట్టు, మరుసటేడు బయటపడ్డ సోనీ ఈమెయిళ్ళలో తేలింది. చూపించలేదు కూడా. ఆ గొడవతో తర్వాతి సీజన్ ఆగింది.

గొప్పవాళ్ళ కోసం పైకెక్కడంలో ఇంకో తమాషా ఉంది. తరానికి 25 ఏళ్ళు వేసుకుంటే వెయ్యేళ్ళకి 40 తరాలు. 2ని 40 సార్లు హెచ్చిస్తే లక్ష కోట్లు దాటుతుంది. భూమ్మీద అంతమంది ఎప్పుడూ లేరు. కాబట్టి ఒకే మనిషి వేల గళ్ళలో మళ్ళీ మళ్ళీ కూర్చుంటాడు. 814లో పోయిన షార్లమేన్ చక్రవర్తికి యూరప్ మూలాలున్న దాదాపు ప్రతివాడూ వారసుడేనని చెప్పేది ఇందుకే. మనకి అంత దూరం అక్కర్లేదు. మేనమామ మేనకోడల్ని చేసుకున్న ఇంట్లో పిల్లకి నాయనమ్మా, అమ్మమ్మ తల్లీ ఒకే మనిషి. చెట్టు అంటాం గానీ, అది గ్రాఫ్. మన పెళ్ళిళ్ళు కులం గీత దాటవు కాబట్టి ఈ ముడులు ఇంకా తొందరగా, ఇంకా చిన్న వలయంలో పడతాయి. మా మంత్రిగారు నిజమే అయితే, ఆయన మా ఒక్కళ్ళ మంత్రి అయ్యే అవకాశం చాలా తక్కువ.

జుఫురేలో పాడిన వృద్ధుడి లాంటివాళ్ళు మనకీ ఉన్నారు. రెడ్లకి గోత్రాలు చెప్పే పిచ్చుకుంట్లవాళ్ళు, మాదిగలకి జాంబ పురాణం చెప్పే డక్కలివాళ్ళు. 'ఏడు తరాలు' చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్న తెలుగు పాఠకుల్లో ఎంతమందికి వీళ్ళు గుర్తొచ్చి ఉంటారు? గడపలోకి రానివ్వని మనిషి నోట్లోనే మన వంశం ఉండేది. ఆఫ్రికాలో అయితే అబ్బురం, మన వాకిట్లో అయితే యాచకం.

ఇక ఆడవాళ్ళు. ఆ ఆరు మెట్లు మళ్ళీ చూడండి. కిజ్జీ, సింథియా, బెర్తా. మూడుసార్లు వంశం కూతురి ద్వారానే దాటింది. కుంటా పేరుని, ఆ నాలుగు ఆఫ్రికా మాటల్ని మోసుకొచ్చి కొడుక్కి అప్పగించింది కిజ్జీ. బాబాయి పీడీఎఫ్‌లో ఆడపిల్లలు 'కుమార్తెలు ఇద్దరు' అని ఉంటారు, పేర్లుండవు, కింద కొమ్మలుండవు. 'సాఫ్ట్‌వేర్‌లో పెడితే చెట్టు పట్టదురా' అన్నాడు అడిగితే. పడుతుంది, నేను చూశాను. ఆ పద్ధతిలో గీస్తే కుంటా కింటే వంశం ఒకే గీత తర్వాత ఆగిపోతుంది. 'కుమార్తె ఒకరు.' అమెరికా బానిస షెడ్యూల్‌లో పేరు లేకుండా ఉన్నవాళ్ళ గురించి కన్నీళ్ళు పెట్టుకునే ముందు మనం గీసుకున్న షెడ్యూల్ కూడా పక్కన పెట్టుకుని చదవాలి ఈ పుస్తకం.

మిల్స్ దంపతుల వ్యాసం దగ్గరికి వస్తాను. కుంటాని తెచ్చిందని హేలీ చెప్పిన 'లార్డ్ లిగోనియర్' ఓడ అనాపొలిస్ చేరింది 1767 సెప్టెంబర్‌లో. వాలర్ కుటుంబపు కాగితాల్లో టోబీ అనే బానిస అంతకు కొన్నేళ్ళ ముందు నుంచే ఉన్నాడు. 1782 పన్ను జాబితా నాటికి అతను లేడు, చనిపోయాడు. పుస్తకంలో కిజ్జీ పుట్టడానికి కనీసం ఎనిమిదేళ్ళ ముందు. ఈ వివరాన్ని అందరూ హేలీ మీద తీర్పుగా వాడతారు. నేను టోబీ వైపు నుంచి చదువుతాను. అతను ఉన్నాడు. కాగితాల మీద, ఒక ఇంట్లో, ఒకరి ఆస్తిగా కొన్నేళ్ళు నిజంగా బతికాడు. అతని అసలు పేరేంటో, ఆఫ్రికాలో పుట్టాడో వర్జీనియాలోనే పుట్టాడో, పిల్లలున్నారో లేదో ఆ కాగితాలు చెప్పవు. అతని మీద కుంటా కింటే వచ్చి కూర్చున్నాడు. టీవీ సీరియల్లో, పుస్తకంలో లేని ఒక సన్నివేశం ఉంది. కిజ్జీ తండ్రి సమాధి దగ్గర కూర్చుని, టోబీ అన్న అక్షరాల్ని గీకేసి కుంటా కింటే అని రాస్తుంది. చూసినవాళ్ళెవరూ మర్చిపోలేదు దాన్ని. నాకు మాత్రం ఇప్పుడు ఆ గీకేసిన పేరే కనిపిస్తుంది.